నా కూతురు మాట్లాడుతోందా, జబ్బు మాట్లాడుతోందా?

కూకట్‌పల్లి నుంచి ఒక తల్లి ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. అందులోని సంగతి ఇది.

ఆవిడకి ఒక కూతురు, ఒక కొడుకు. కూతురు ఇంటర్ సెకండియర్ బైపీసీ, దాంతోపాటు నీట్ కోచింగ్. ఇంకో నాలుగు నెలల్లో 18 నిండుతాయి. ఏడాది కిందట మేనత్త కూతురి పెళ్ళికి కాస్త సన్నబడాలని రాత్రిపూట అన్నం మానేసింది. పెళ్ళిలో చుట్టాలందరూ "ఎంత నాజూగ్గా అయ్యావే" అని మెచ్చుకున్నారు. అక్కడితో ఆగలేదు. నూనె మానేసింది, పాలు మానేసింది. శనివారాలు ఉపవాసం అంది, తర్వాత సోమవారాలు కూడా అంది. మనవరాలికి భక్తి కుదిరిందని నానమ్మ సంబరపడింది. తమ్ముడికి మాత్రం వీడియోలు చూసి మరీ డబుల్ కా మీఠా చేసి, దగ్గర కూర్చుని తినిపిస్తుంది. తను చెంచా కూడా నోట పెట్టదు. నెలసరి ఆగిపోయి ఆరు నెలలైంది. దసరా సెలవుల ముందు కాలేజీ మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయింది. అప్పుడు చూసిన సైకియాట్రిస్ట్ ఇది అనొరెక్సియా నెర్వోసా అని, అంటే లావవుతానన్న భయంతో తిండి తగ్గించుకుంటూ పోయే మానసిక జబ్బు అని చెప్పారు.

ఆ డాక్టర్ ఇంకో మాట కూడా అన్నారు: మీ అమ్మాయి వేరు, ఈ జబ్బు వేరు, మీ కోపం జబ్బు మీద ఉంచండి, అమ్మాయి మీద వద్దు. "నా కూతురు చెడ్డది కాదు, దాన్ని పట్టుకున్నది చెడ్డది అనుకోగానే దాన్ని మళ్ళీ దగ్గరికి తీసుకోగలిగాను" అని రాశారు తల్లి. భర్తకి మాత్రం ఎక్కలేదు. "జబ్బు లేదు, గిబ్బు లేదు, చదువు తప్పించుకోడానికి వేషాలు" అంటారు. ఒకసారి కంచం ముందు చెయ్యి కూడా చేసుకున్నారు. లోపల ఇంకొకటి ఉండి మాట్లాడిస్తోందన్న మాట విన్న నానమ్మ, పిల్లకి గాలి సోకిందని తేల్చేసి తాయెత్తు కట్టే మనిషి కోసం చూస్తోంది. మేనత్త మరో ఇంట్లో "ఎర్రగడ్డకి తిప్పుతున్నారంట" అని చెప్పింది.

పోయిన నెల అమ్మాయి రెండు మాటలు చెప్పింది. కోచింగ్‌లో ఒక లెక్చరర్ లావుగా ఉన్న ఒక పిల్ల మీద క్లాసందరి ముందు జోకులేస్తాడు, నేను ఆ క్లాసుకి వెళ్ళను అంది. ఇంకో రోజు "నాకు బైపీసీ వద్దమ్మా" అంది. రెండుసార్లూ తల్లి ఒకటే జవాబిచ్చారు: "ఇది నువ్వు కాదు, అది మాట్లాడిస్తోంది." అమ్మాయి కాసేపు చూసి, "ఆకలి లేదంటే అది. నిద్రొస్తోందంటే అది. ఏడిస్తే అది. మరి నేనెప్పుడు మాట్లాడాలి?" అంది. ఆ తర్వాత పన్నెండు రోజులుగా ఊఁ, ఊహూఁ తప్ప మాట లేదు. భయపడి తల్లి రెండు రోజులు "నువ్వు తినేదాకా నేనూ తినను" అని పస్తున్నారు. ఆవిడ అడుగుతున్నది: జబ్బుని వేరుగా చూడమన్న డాక్టర్ మాట తప్పా? మానేయాలా? కోచింగ్ మాన్పించాలా? 18 నిండాక మా మాట చెల్లుతుందా?

అమ్మా, ముందు ఒక చిన్న సంగతి. మీరు అమ్మాయి బరువు, తినే లెక్క అంకెలతో రాశారు. వాటిని కావాలనే తీసేశాను. ఇదే జబ్బుతో ఉన్న పిల్ల ఎవరైనా చదివితే ఆ అంకెతో పోల్చుకుని, నేనింకా తగ్గాలి అనుకుంటుంది. మీ ఇంట్లో కూడా అంకెలు ఆమె ముందు వద్దు. బరువు చూడటం డాక్టర్ దగ్గరే జరగనివ్వండి.

డాక్టర్ చెప్పింది తప్పు కాదు. ఆ మాట వల్లే మీరు కూతురిని మళ్ళీ దగ్గరికి తీసుకోగలిగారు, దాన్ని పారేసుకోవద్దు. కానీ ఆ మాట మీ ఇంట్లోకి వచ్చాక దాని పని మారిపోయింది. ఎక్కడ మారిందో చూద్దాం.

మనిషినీ సమస్యనూ విడదీసి మాట్లాడే పద్ధతికి 1980లలో ఆస్ట్రేలియాలో మైకేల్ వైట్, న్యూజిలాండ్‌లో డేవిడ్ ఎప్‌స్టన్ అనే ఇద్దరు చికిత్సకులు ఒక రూపం ఇచ్చారు. వాళ్ళు ఆ పని బాధపడే మనిషినే అడిగి చేసేవారు. దీన్ని నువ్వేమని పిలుస్తావు? ఇది వచ్చాక నీ స్నేహాలేమయ్యాయి? దాని మాట వినకుండా గడిచిన పూట ఏదైనా ఉందా? ఇలా అడుగుతూ పోతే, ఇది నేను కాదు, నాకు పట్టుకున్న కష్టం అని ఆ మనిషికే మెల్లగా అనిపిస్తుంది. మీ ఇంట్లో ఎవరూ ఏమీ అడగలేదు. ఏది ఆమె, ఏది జబ్బు అన్నది ఆమెని అడగకుండానే మీరు తేల్చేస్తున్నారు. మాట అదే అయినా విన్న పిల్లకి అది తీర్పులా తగులుతుంది.

ఇంకొకటి మన భాషలోనే ఉంది. మీ ఉత్తరం రెండుసార్లు చదివాక గాని నాకు తట్టలేదు. "అది తినడం లేదు", "అది ఏడుస్తోంది", "అది నన్ను బతకనివ్వదు" అని రాశారు. వీటిలో ఏది కూతురు, ఏది జబ్బు? మనం కన్నకూతురిని ప్రేమగా "అది" అంటాం. జబ్బునీ "అది" అంటాం, దయ్యాన్నీ "అది" అంటాం. పక్క గదిలో ఉన్న మీ అమ్మాయి చెవిలో ఈ మూడూ ఒకే మాటగా పడుతున్నాయి. "అది పోవాలి" అని మీరు ఫోన్లో అక్కతో అన్నప్పుడు ఆమెకేం వినపడి ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. ఈ రోజు నుంచే మార్చగలిగింది ఇదొక్కటి: జబ్బుని జబ్బు అనండి, కూతురిని పేరుతో పిలవండి.

మీ చేతిలో ఉన్న దారులు చెబుతాను.

ఒకటి, ఇప్పటిలాగే ఆమె ఎదుటే "ఇది జబ్బు మాట" అంటూ ఉండటం. కంచం ముందు మీరు గట్టిగా నిలబడటానికి ఇది సాయపడుతుంది. కానీ మిగతా వేళల్లో నోరు మూయించే ఆయుధమవుతుంది. ఏం చెప్పినా కొట్టేస్తారని తెలిశాక పిల్ల చెప్పడమే మానేస్తుంది. మీ పన్నెండు రోజుల మౌనం అదే.

రెండోది, విడదీసి చూడటం పూర్తిగా మానేయడం. అప్పుడు మీ వారి దారే మీకూ మిగులుతుంది: మొండిది, పొగరుది. కోపం తిన్నగా ఆమె మీదే పడుతుంది. తనని తాను అప్పటికే అసహ్యించుకునే పిల్లకి, ఇంటిల్లిపాదీ ఆ అసహ్యం నిజమేనని చెప్పినట్టవుతుంది.

మూడోది, పేరు పెట్టే హక్కు ఆమెకే ఇవ్వడం. కొందరు పిల్లలు పేరు పెడతారు. కొందరికి పేరు పెట్టడమే చిరాకు, ఉత్త "జబ్బు" చాలంటారు. కొందరు "అదేం వేరు కాదు, నేనే" అంటారు. మూడోరకం జవాబు వస్తే కంగారు పడకండి, వాదించకండి. ఈ జబ్బు చాలామందికి శత్రువులా అనిపించదు. ఇల్లు, చదువు, పెళ్ళి, మార్కులు, ఏదీ తన చేతిలో లేని వయసులో ఇదొక్కటే నా చేతిలో ఉంది అనిపించిన తోడులా ఉంటుంది. దాన్ని రాక్షసి అని తిడితే ఆ తోడు పక్కనే వెళ్ళి నిలబడుతుంది. "ఇది నీకేం ఇస్తోంది? బదులుగా ఏం తీసుకుంటోంది?" అని అడిగితే నోరు విప్పే అవకాశం ఉంది. ఈ ప్రశ్న మొదట డాక్టర్ గదిలో, వారి సాయంతో అడగడం మేలు.

నాలుగోది, విడదీయడం మీ మనసులోనే ఉంచుకుని పైకి అనకపోవడం. మీకు ఓపిక మిగలడానికి అది చాలు. నా మనసు ప్రస్తుతానికి ఈ నాలుగోదాని వైపే మొగ్గుతోంది, ఎందుకంటే ఆమె నమ్మకం ఇప్పుడే దెబ్బతింది. మూడోదానికి తర్వాత రావచ్చు.

మరి ఏ మాట ఎవరిది అని ఎలా తెలుసుకోవాలి? ఖచ్చితమైన కొలబద్ద లేదు. నాకు తోచేది ఇది. పిల్లకి జ్వరం నూట నాలుగు ఉండి పలవరిస్తుంటే ఆ మాటల్ని పట్టించుకోం. "నువ్వు మా అమ్మవి కాదు పో" అన్నా ఏడుస్తూ కూర్చోం, తడిగుడ్డ వేస్తూనే ఉంటాం. కానీ అదే పిల్ల "దాహం" అంటే, ఇదీ పలవరింతే అని ఊరుకుంటామా?

అన్నం, బరువు, అద్దం, మేడ మీద గంటల తరబడి నడక, వీటి గురించి వచ్చే మాటల్లో జబ్బు పాలు ఎక్కువ. అక్కడ మీరు, డాక్టర్ వేసిన పద్ధతి ముఖ్యం. మిగతా అన్నిచోట్లా, అనుమానం వస్తే ఆమె మాటే అనుకోండి. పొరపాటున జబ్బు మాటని ఆమె మాటగా విన్నందుకు వచ్చే నష్టం, ఆమె మాటని జబ్బు మాటగా కొట్టేసినందుకు వచ్చే నష్టం కన్నా చిన్నది.

అన్నం విషయంలో కూడా ఒక మెలిక ఉంది. రెండు ముద్దలకే "కడుపు నిండిపోయింది, ఉబ్బరంగా ఉంది" అంటుందని, అబద్ధమాడుతుందని రాశారు. అది అబద్ధం కాదమ్మా. నెలల తరబడి పస్తున్న పొట్ట మెల్లగా ఖాళీ అవుతుంది, కొంచెం తిన్నా బరువుగానే ఉంటుంది. ఆ బాధ ఆమెది, నిజమైనది. "కాబట్టి తినకూడదు" అన్నది జబ్బు అల్లిన ముగింపు. బాధని ఒప్పుకుని ముగింపుని ఒప్పుకోకండి. "ఉబ్బరంగా ఉందని తెలుసు. పక్కనే ఉంటాను. ఇది పూర్తి చేద్దాం" అనండి. మొదటి మాట లేకుండా చివరి మాట ఒక్కటే అంటే అది పోలీసు మాటలా ఉంటుంది.

ఈ కోపం, ముద్దని చిన్నచిన్న ముక్కలు చేయడం, అందరికీ వండిపెట్టి తను తినకపోవడం, ఇదంతా ఆమె స్వభావమేనేమో అని బెంగ పడ్డారు. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, తమంతట తాము ముందుకొచ్చిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకి 24 వారాల పాటు అరకడుపు తిండి పెట్టి చూశారు. వాళ్ళెవరికీ ఈ జబ్బు లేదు. అయినా చిరాకు, దిగులు, ఒంటరితనం వచ్చాయి. ఇరవైనాలుగు గంటలూ తిండి ఆలోచనే. వంటల పుస్తకాలు పోగేసిన వాళ్ళున్నారు, కంచం ముందు గంటలు గడిపిన వాళ్ళున్నారు. తమ్ముడికి మీఠా చేసిపెట్టే మీ అమ్మాయిలో మీరు చూస్తున్నది చాలావరకు ఆకలి. ఈ మాట మీ వారికి కూడా చెప్పండి. వేషాలు అంటున్నారే, ఆ 36 మందికి తప్పించుకోవాల్సిన నీట్ లేదు.

మీ వారి గురించి ఒక్క మాట. చెయ్యి చేసుకోవడం మళ్ళీ జరగకూడదు, దీనిలో రెండో మాట లేదు. అయితే ఆయన కోపం అడుగున ఒక సగం నిజం ఉంది: ఆ పిల్లకి సొంత ఇష్టం, సొంత పట్టుదల ఉన్నాయి. మీరేమో "నువ్వు కాదు, అది" అంటూ ఆ ఇష్టాన్నే తుడిచేస్తున్నారు. రుమాల్లో ఇడ్లీ దాచిన రోజు "నువ్వు చేయలేదులే" అన్నారట. ఆమె చేసింది. భయంతో చేసింది. తిట్టకుండానే ఆ రెండూ చెప్పొచ్చు. "దాచావు. భయమేసి ఉంటుంది. ఇంకో ఇడ్లీ పెడుతున్నాను." రేపు ఈ జబ్బుని ఎదిరించాల్సింది కూడా ఆ పిల్ల పట్టుదలే కదా, దాన్ని ముందే లేదనేస్తే ఎలా?

1873లో విలియం గల్ అనే లండన్ వైద్యుడు ఈ జబ్బుకి పేరు పెట్టిన కాలంలో, తల్లిదండ్రుల్ని రోగికి దూరంగా ఉంచడమే మంచిదనుకునేవారు. అదే లండన్‌లోని మాడ్స్‌లీ ఆస్పత్రి వాళ్ళు నూరేళ్ళ తర్వాత దాన్ని తిరగేశారు. మొదట తల్లిదండ్రులే కలిసి పూటపూటా తినిపించే బాధ్యత తీసుకుంటారు. బరువు కోలుకున్న కొద్దీ ఆ బాధ్యతని మెల్లగా పిల్లలకి తిరిగిస్తారు. ఆ తర్వాతే ఆ వయసు పిల్లల మిగతా సంగతులు. 1987లో వచ్చిన వాళ్ళ అధ్యయనంలో, చిన్న వయసులో జబ్బు మొదలై మూడేళ్ళు దాటని పిల్లలకి, రోగి ఒక్కరికే ఇచ్చిన చికిత్స కన్నా కుటుంబంతో కలిసి చేసిన చికిత్స బాగా పనిచేసింది. మీ అమ్మాయికి ఏడాదే అయింది. మీ డాక్టర్‌ని ఈ పద్ధతి గురించి అడగండి. కానీ అమ్మ ఒక మాట, నాన్న ఒక మాట అంటే ఇది సాగదు. వచ్చేసారి ఆయన ఆఫీసుకి సెలవు పెట్టి మీతో రావాలి.

"నువ్వు తినేదాకా నేనూ తినను" అన్నది మన ఇళ్ళలో తరతరాల అలవాటు. దయచేసి మానేయండి. అన్నం తినడం ప్రేమకి పందెం అయిపోతుంది. ఆమె తినలేకపోయిన ప్రతిసారీ అమ్మని పస్తుంచిన పాపం కూడా నెత్తిన పడుతుంది. మీరు ఆమె పక్కనే కూర్చుని మీ అన్నం మీరు తినండి, ఆమె ఎదురుగా మామూలుగా తినే మనిషి ఒకరు ఉండాలి.

అత్తగారి సంగతికొస్తే, ఆవిడది కూడా విడదీయడమే. మనవరాలిది తప్పు కాదు, ఏదో సోకింది అంటున్నారు. అందులో ప్రేమ ఉంది. మీ మాటకీ ఆవిడ మాటకీ తేడా మీ అమ్మాయికి తెలియకపోవడమే చిక్కు. "నాలో ఏదో ఉంది" అని పదిహేడేళ్ళ పిల్ల నిజంగా నమ్మితే వచ్చే భయం చిన్నది కాదు. విడదీయడం మనం అర్థం చేసుకోవడానికి వాడే ఒక చూపు మాత్రమే, లోపల ఇంకొకరు లేరు అని ఇద్దరికీ విడివిడిగా చెప్పండి. తాయెత్తు కడతానంటే, అమ్మాయి ఒప్పుకుంటే కట్టనివ్వండి, దానితో నష్టం లేదు. పొగ పెట్టడం, కొట్టడం, ఉపవాసం ఉంచడం అంటే మాత్రం వీల్లేదని గట్టిగా చెప్పండి. ఉపవాసాలు మానమని మీకన్నా ఆవిడ చెబితేనే బాగా పడుతుంది. "ఒంట్లో బాగాలేని పిల్లకి ఉపవాసం లేదే, దేవుడికి నేను చెబుతాలే" అని నానమ్మ అంటే, జబ్బుకి చాటుగా ఉన్న ఒక పెద్ద గోడ కూలుతుంది. నెయ్యి, సున్నుండలు ఒక్కసారిగా కుక్కడం కూడా వద్దని చెప్పండి. చాలాకాలం పస్తున్న ఒంటికి తిండి ఒక్కసారిగా పెంచితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోయి గుండెకి ప్రమాదం కావచ్చు. ఎంత, ఎలా పెంచాలన్నది డాక్టర్ రక్తపరీక్షలు చూసి చెప్పాలి.

ఎర్రగడ్డ పేరు ఎత్తినవాళ్ళకి జవాబు చెప్పే ఓపిక మీకుంటే చెప్పండి, లేకపోతే వదిలేయండి. అక్కడున్నది మనసు జబ్బులకి వైద్యం చేసే ఆస్పత్రి. మన ఊళ్ళో ఆ పేరుని తిట్టు చేసినందుకు ఎన్ని ఇళ్ళలో వైద్యం ఆలస్యమైందో.

కోచింగ్ గురించి. కొనసాగిస్తే ఆమెకి స్నేహితులు, రోజుకో లెక్క ఉంటాయి. కానీ మధ్యాహ్నం భోజనం మీ కళ్ళ ముందు ఉండదు, కళ్ళు తిరిగి పడే ఒంటితో బస్సు, మెట్లు ప్రమాదం. ఆపేస్తే ఏడాది పోయిందన్న దిగులు రావచ్చు, ఇంట్లో రోజంతా అద్దమే తోడు కావచ్చు. మధ్యదారి: కోచింగ్ ఆపి, డాక్టర్ సరేనంటే ఇంటర్ పరీక్షల వరకు చదవడం. అవి తప్పినా సప్లిమెంటరీ ఉంది. నీట్‌కి ఇప్పుడు గరిష్ఠ వయసు పరిమితి లేదు, వచ్చే ఏడాది రాయొచ్చు, అసలు రాయకపోవచ్చు కూడా. ఆ చివరి మాటకి మళ్ళీ వస్తాను.

18 నిండాక, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం వైద్యం విషయంలో ఆమె ఇష్టమే ముఖ్యం. పరిస్థితి తీవ్రమై ప్రమాదంలో ఉన్నప్పుడు, ఆమె తరఫు ప్రతినిధి కోరితే, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి ఆస్పత్రిలో చేర్చుకునే మార్గం చట్టంలో ఉంది. అంతదాకా రాకుండా, ఈ నాలుగు నెలల్లో ఆమె తనంతట తాను వైద్యానికి రావాలంటే, తన మాట వింటారన్న నమ్మకం ఇప్పుడే కలగాలి.

కొన్నింటికి ఆలోచన అక్కర్లేదు, ఆస్పత్రికి పరుగెత్తడమే: మళ్ళీ స్పృహ తప్పినా, గుండెలో నొప్పి, దడ వచ్చినా, నాడి మరీ నెమ్మదిగా కొట్టుకుంటున్నా, నీళ్ళు కూడా తాగనన్నా. "చచ్చిపోవాలనుంది" అంటే మాత్రం ఎప్పుడూ, ఎట్టి పరిస్థితుల్లోనూ "అది జబ్బు మాట" అనకండి. ఈ జబ్బులో ప్రాణాలు పోయేది పస్తుల వల్లే కాదు, ఆత్మహత్యల వల్ల కూడా. ఆ మాట ఆమెదే అనుకుని పక్కన కూర్చోండి, ఒంటరిగా వదలకండి, వెంటనే డాక్టర్‌కి చెప్పండి. రాత్రివేళ ఎవరూ అందకపోతే టెలిమానస్ నంబరు 14416 ఉంది. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇక ఆ రెండు మాటలు. లావుగా ఉన్న పిల్ల మీద లెక్చరర్ జోకులేస్తున్నాడని చెప్పింది. ఇంట్లో అంతా జబ్బు అనుకుంటున్న మీ అమ్మాయి, ఇంకో పిల్లకి జరుగుతున్న అవమానం చూసి బాధపడి మీ దగ్గరికి వచ్చింది. నాకు ఎనిమిది పేజీల్లో మీ కూతురు స్పష్టంగా కనిపించింది అక్కడే. బైపీసీ వద్దన్న మాట టెన్త్ అయ్యాక కూడా ఒకసారి అందని మీరే ఐదో పేజీలో రాశారు. అప్పటికి ఈ జబ్బు లేదు.

అన్నం వేళ కాని వేళ చూసి, మేడ మీదో, కూరగాయలకి వెళ్తూ దారిలోనో అడగండి. "ఆ రోజు లెక్చరర్ గురించి చెప్పావు, నేను వినలేదు. నాదే తప్పు. ఏం జరిగిందో ఇప్పుడు చెప్తావా?" వెంటనే చెప్పకపోవచ్చు, "ఏం లేదు" అనొచ్చు. అప్పుడు ఊరుకుని, రెండు రోజులాగి మళ్ళీ అడగండి. చెబితే మధ్యలో తిండి ఊసు ఎత్తకుండా చివరిదాకా వినండి. తర్వాత మీరిద్దరూ, మీ వారూ కలిసి ఆ కోచింగ్ వాళ్ళతో మాట్లాడాలా వద్దా అన్నది ఆమెనే అడిగి నిర్ణయించండి.